కింది వరుస కుచ్చులు

"టోపీకి ఒక్కో పక్క ఎన్ని కుచ్చులు వేశావే?" నిచ్చెన కింద నుంచి తండ్రి కేకేశాడు.

"పది, నాన్నా."

"కొంప ముంచావు! పది ఆర్చిబిషప్పుకి. బిషప్పుకి ఆరే. వచ్చిన రోజే ఆయనకి ప్రమోషన్ ఇచ్చేశావు కదే తల్లీ!"

కూతురు కుంచె ఆపేసింది. కొత్త బిషప్పు గారి చిహ్నం చర్చి గోడ మీద వేయడం ఆమె సొంతంగా ఒప్పుకున్న మొదటి పని. డాలు మీద పడవ, పైన పచ్చ టోపీ చక్కగా కుదిరాయి. టోపీకి వేలాడే కుచ్చులే ఎక్కువయ్యాయి. గంటలో ఆయన వచ్చేస్తారు. ఈ తప్పు ఆయన కంట పడితే మళ్ళీ గోడ ఎవరిస్తారు?

ఒకటి, రెండు, మూడు, నాలుగు చొప్పున వరుసలు. ఎక్కువైనవి అటూ ఇటూ కింది నాలుగే. వాటి కిందే బిషప్పు గారి ఆశయ వాక్యం రాసిన సన్నటి పట్టీ ఉంది.

"నాన్నా, తెల్లరంగు అందుకో!"

పట్టీని పైకి వెడల్పు చేసి కింది వరుసను కప్పేసింది. ఖాళీ కనబడకుండా అక్షరాలు లావుగా తిరగరాసింది.

బిషప్పు గారు తన ముసలి తల్లి చెయ్యి పట్టుకుని వచ్చారు. ముసలావిడ గోడకేసి చూసి, "సంతోషంతో సేవించు" అని గట్టిగా చదివింది.

"ఆహ్వానం కార్డు మీద ఇదే సన్నక్షరాల్లో ఉంటే చదవలేకపోయావు కదమ్మా!" బిషప్పు గారి ముఖం వెలిగిపోయింది.

కూతురు ఇక ఆగలేక జరిగిందంతా చెప్పేసింది. ఆయన పగలబడి నవ్వారు.

"మావాడికి ఆరే ఎక్కువలే," అంది ముసలావిడ. "పక్క చర్చి గోడా నువ్వే వెయ్యమ్మా. అక్షరాలు మాత్రం ఇంతే లావుండాలి!"