పొగమంచులో పెట్రోలు ముల్లు

చలి ముదిరిన నెలల్లో లక్డారం నుంచి పొద్దున్నే డ్యూటీలకు పోయేవాళ్లు షేర్ ఆటో కోసం నిలబడరు. చెరువు మీంచి లేచిన మంచు పడవను మోసేంత గట్టిపడుతుంది కాబట్టి, టిఫిన్ డబ్బా చంకలో పెట్టుకుని పడవెక్కుతారు. కింద పటాన్‌చెరు రోడ్డు మీద లారీలు హారన్లు కొట్టుకుంటుంటే, పైన వీళ్లు కబుర్లు చెప్పుకుంటూ పోతారు. ఎనిమిదిన్నరకు ఎండ ఎక్కిందంటే మంచు పలచబడుతుంది. ఆలోపు దిగిపోవాలి, అంతే.

తెల్లాపూర్ దాకా పోయేసరికి ఆ మంచు పద్నాలుగో అంతస్తును తాకుతుంది. అక్కడి టవర్లలో, పడవలో ఫలానా మనిషి వస్తుందని ఎదురుచూసేవాళ్లు బాల్కనీకి బయట ఒక టైరు వేలాడదీస్తారు, పడవ గోడకు గీరుకోకుండా. ఎదురుచూడ్డానికి మనిషి లేనివాళ్లు కట్టరు. బట్టలారేసినా నోటీసులిచ్చే అపార్టుమెంటు కమిటీ ఈ టైర్ల జోలికి మాత్రం రాదు. విచిత్రమంటే అదే.

నాగవల్లి వారపు సెలవు పడవ నడిపే పెంటయ్య వాకిట్లోనే గడిచింది. ట్రాక్టర్లకు వైరింగ్ అల్లే కంపెనీలో ఆమెది పద్దెనిమిదేళ్ల సర్వీసు. ఏ తీగ ఎక్కడ కలపాలో కళ్లు మూసుకుని చెబుతుంది. ఇప్పటిదాకా ఆమె చేతి పని ఒక్కటంటే ఒక్కటి వెనక్కి రాలేదు, ఆ గర్వం మనిషికి కాస్త ఉంది కూడా. ఇప్పుడు ఆమె ముందు ముక్కాలి స్టాండుకు బిగించి ఉన్నది నలభై ఏళ్లనాటి పడవ మోటారు. అంతర్వేది నుంచి ప్లాంటు ఉద్యోగానికి వచ్చిన వాళ్ల నాన్న సూర్యారావు, మంచం కుర్చీ అక్కడే వదిలేసి దీన్ని మాత్రం రైల్లో వేసుకొచ్చాడట. "సముద్రం లేని ఊరికి ఇదెందుకయ్యా" అని కాలనీ అంతా నవ్వింది. మొదటి చలికాలం వచ్చాక ఆ నవ్వు ఆగిపోయింది. పెంటయ్య పడవ, సూర్యారావు మోటారు, పాతికేళ్లు జోడీగా నడిచాయి.

సూర్యారావు పోయి మూడేళ్లు. ఆ చలికాలమే మోటారు పెట్రోలు పంపులో రబ్బరు పొర చిరిగింది. అప్పటినుంచి పెంటయ్య పడవ బోర్లా పడి ఉంది.

"జెర జల్దీ సెయ్యి బిడ్డా," అన్నాడు పెంటయ్య. "మీ చిన్నమ్మ తెల్లాపూర్‌ల పసిపిల్లలకు తానాలు పోస్తది గదా. వేరే పడవలల్ల సోటు దొరకది, ఆటోల పోతే తొమ్మిదైతుంది. అప్పటిదాంక పిల్లలు ఊకుంటరా?"

"అయిపోయింది కాకా. పాత పంపు ఇగ పనికిరాదు. పాత వ్యాను నుంచి కరెంటు పంపు తెచ్చిన. మధ్యల ఫ్యూజు, రిలే పెట్టిన. మోటారు ఆగితే పంపు గూడ ఆగుతది. లేకుంటే పెట్రోలు పడవంత పారుతది."

చెక్క మీద మూడు మీటర్లు బిగించింది. ఒకటి వేడికి, ఒకటి బ్యాటరీకి, ఒకటి పెట్రోలుకు. పెట్రోలు మీటరు మాత్రం సంగారెడ్డి చౌరస్తాలో పాత ట్రాక్టరు నుంచి విప్పినది దొరికింది. ట్యాంకులో తేలే బెండుకు దాని తీగ కలిపి తాళం తిప్పింది. ట్యాంకులో సగం పెట్రోలుంది. ముల్లు సరిగ్గా సగం దగ్గర నిలబడింది.

"అబ్బ! మీ నాయిన సూస్తే మురిసిపోతుండె," అన్నాడు పెంటయ్య.

పెంటయ్య భార్య ఇందిరమ్మ చాయ్ గ్లాసులు తెచ్చి, నాగవల్లి పక్కనే గొంతుక్కూర్చుంది.

"మీ చెల్లె ఐతారం నాడు పుణె పోతున్నదంట బిడ్డా. ఆమె ఉండే టవర్‌లనే నేను తానం పోసే ఇల్లు గూడ. సామాన్లు కడుతున్నది. మల్ల రాదంట."

నాగవల్లి చేతిలో టేపు చుట్ట ఆగింది.

"పోనీ చిన్నమ్మా. నాకేంది?"

అంది గానీ, చాయ్ గ్లాసు ముట్టకుండానే పక్కన పెట్టేసింది. హరిచందన ఒక్కతే చెల్లెలు. నాన్న పోయిన రోజు పొద్దున్నే మంచు. మోటారు అప్పటికే పాడైంది, కింద రోడ్డు జామ్. ఫోన్ మీద ఫోన్ చేసినా హరిచందన వచ్చేసరికి నాలుగు గంటలు పట్టింది. అప్పటికి అన్నీ అయిపోయాయి. శ్మశానం గేటు దగ్గర, పదిమందిలో, నాగవల్లి అనేసింది: "నువ్వు కావాలనే రాలేదే. ఇవ్వాళ్టినుంచి నాకు చెల్లెల్లేదు." అప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఫోన్ తీసి పేరు దాకా వెళ్లడం, మళ్లీ లోపల పెట్టేయడం నాగవల్లికి అలవాటైపోయింది. ఏముంది ఇంకా మా మధ్య, అంతా ఖాళీయే కదా అనుకునేది. అనుకుని ఏడ్చేది.

మర్నాడు వెలుగు రాకముందే పడవ తెల్లాపూర్ దారిన మంచులోకి దిగింది. ఇందిరమ్మ గట్టు మీదే ఆగిపోయింది.

"ముందుగాల మీరిద్దరు పోయి సూడుండ్రి. మీ పానాలు మంచిగుంటే రేపటిసంది నేనెక్కుత."

"సూడు, మొగుని మీద ఎంత పావురం, ఎంత ప్రేమనో!" అని పెంటయ్య తాడు లాగాడు. మోటారు రెండుసార్లు దగ్గి, మూడోసారి అందుకుంది.

ఆ చప్పుడు వినగానే నాగవల్లికి నాన్న ఎదురుగా కూర్చున్నట్టే అనిపించి కళ్లు తుడుచుకుంది. మోటారు చల్లబడటానికి పీల్చుకున్న మంచు, పక్క గొట్టంలోంచి సన్నటి జల్లుగా కిందికి పడుతోంది. పటాన్‌చెరు కూరగాయల మార్కెట్లో ఒకావిడ తలెత్తి, "సూర్యారావు మోటారు లెక్కుందే!" అని గోంగూర కట్టల మీద గోనె కప్పుకుంది. దూరంగా ఏదో డాబా మీద, నీళ్ల ట్యాంకు మూత మీద, మంచులోంచి జారిపడ్డ చేపపిల్ల ఒకటి టపటపలాడుతోంది. పిల్లి దానికేసే చూస్తోంది. మందుల ఫ్యాక్టరీల పొగకు గాలి మందుబిళ్ల చప్పరించినట్టు చేదుగా ఉంది.

టవర్లు మంచులోంచి పైకి కనిపిస్తుండగా, నాగవల్లి కొంగుతో మీటర్ల అద్దాలు తుడిచింది.

పెట్రోలు ముల్లు ఖాళీ దగ్గర పడుకుని ఉంది.

"కాకా! పెట్రోలు అయిపోయింది!"

"గట్లెట్ల అయితది? నిన్న సగం ఉండె గద!"

"పంపు దగ్గర కారుతున్నట్టుంది. నేను బిగించిందే. ఆపు కాకా, ఎక్కడన్న ఆపు! నిప్పు పడితే అయిపోతం!"

ఆ గాలిలో పెట్రోలు వాసన పట్టాలంటే కుక్క తరం కూడా కాదు. కింద పద్నాలుగు అంతస్తుల లోతు. తూర్పున ఎండ ఎర్రబడుతోంది. పెంటయ్య దగ్గర్లో కనిపించిన మొదటి టైరు వైపు పడవ తిప్పి మోటారు ఆపేశాడు. పడవ మెత్తగా వెళ్లి ఆనుకుంది.

నాగవల్లి రెయిలింగ్ పట్టుకుంది. చేతికింద టైరు నల్లగా, కొత్తగా ఉంది. ఒక్క గీత లేదు. కట్టిన తాడు మాత్రం ఎండకీ వానకీ నానీ ఎండీ పీచుపీచయింది.

బాల్కనీ తలుపు తెరుచుకుంది. హరిచందన. జుట్టు ముడేసుకుని, చేతిలో ప్యాకింగ్ టేపుతో. లోపల హాలంతా అట్టపెట్టెలు.

నాగవల్లి పీచుపీచైన తాడును వేళ్లతో తడిమింది.

"ఈ టైరు..." అంది నాగవల్లి.

"మూడేళ్లయింది కట్టి," అంది హరిచందన. "నాన్న మోటారు మళ్లీ బాగవుతుందనీ, నువ్వొస్తావనీ. ఈ చలికాలం కూడా రాకపోతే ఇంక రావనుకున్నా. అందుకే పుణె ట్రాన్స్‌ఫర్‌కు ఒప్పుకున్నా."

నాగవల్లికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆ రోజు అన్న మాట ముల్లులా గుచ్చుకుంది.

వెనక పెంటయ్య ట్యాంకు మూత విప్పి, పుల్ల ముంచి చూశాడు. పైదాకా తడిసి వచ్చింది. మళ్లీ ముంచాడు.

"బిడ్డా! ట్యాంకి నిండుగున్నది! సుక్క గూడ కారలే. మీ చిన్నమ్మే పోసి ఉంటది. పయనం పోతుంటే సగం గిన్నె అచ్చిరాదంటది గద!"

నాగవల్లికి ఒక్క క్షణంలో అర్థమైంది. ట్రాక్టరు మీటరు ఒక రకం, ఈ ట్యాంకులో బెండు ఇంకో రకం. ఒకదానికి నిండు అంటే రెండోదానికి ఖాళీ. సగం ట్యాంకుతో చూసింది కాబట్టి నిన్న దొరకలేదు. సగం ఎటునుంచి చూసినా సగమే. పద్దెనిమిదేళ్లలో మొదటిసారి ఆమె తప్పు కలిపింది.

హరిచందన పెంటయ్య వైపు చూసింది, అక్క వైపు చూసింది.

"పెట్రోలు నిండా ఉంటే, మరి ఇక్కడెందుకాపారు?" అంది. "అక్కా... కావాలనే వచ్చావా?"

నాగవల్లి మీటరు వైపు చూడలేదు.

"కావాలనే వచ్చానే," అంది. "ఆ రోజు నోటికొచ్చినట్టు అన్నాను. తప్పు నాదే చందూ."

పెంటయ్యకు అంతా తెలుసు. ఖాళీ దగ్గర పడుకున్న ముల్లును తువ్వాలుతో ఒకసారి తుడిచి, "మీటరు మస్తు మంచిగ సూపెడుతున్నది బిడ్డా, దీన్నేం ముట్టుకోకు," అన్నాడు. "ఎండ రాకముందు నేను పోత. నువ్వు మెల్లగ రోడ్డు మీదికెల్లి రా."

హరిచందన చెయ్యి అందించింది. నాగవల్లి రెయిలింగ్ దాటి లోపలికి దిగింది. అక్కాచెల్లెళ్లు ఎంతసేపు పట్టుకుని ఏడ్చారో పెంటయ్య చూడలేదు. అప్పటికే మోటారు చప్పుడు లక్డారం వైపు సన్నగిల్లిపోయింది.

"కాఫీ తాగుదాం," అంది హరిచందన ముక్కు తుడుచుకుంటూ. "ఫిల్టరు ప్యాక్ చేసేశాను. ఉండు, విప్పుతా."

ఫిల్టరు మొదటి పెట్టెలోనే దొరికింది. అయినా హరిచందన మిగతా పెట్టెలు కూడా విప్పుతూనే ఉంది.