ఎనిమిది కిలోల తరుగు

నేను ఒక చిన్న కారును; ఈ మధ్య మరీ చిన్నదాన్ని. పుట్టినప్పుడు నాకు నాలుగు సీట్లూ, తివాచీలూ, ఒక గడియారమూ ఇచ్చారు. అవన్నీ కలిస్తేనే నేననుకున్నాను. మనుషులకూ ఆ భ్రమ ఉంటుందని తరవాత తెలిసింది. మొదట ఒక పళ్ల డాక్టరు నన్ను నడిపాడు. తరవాత గుంటూరులో ఒక డ్రైవింగ్ స్కూలువాళ్లు కొని, నేర్పేవాడి కాళ్ల దగ్గర, ఎడమ సీటు ముందు, రెండో బ్రేకు బిగించారు. అక్కడ నామీదే బండి నేర్చుకున్న ఇందుమతి చివరికి నన్నే కొనుక్కుంది. ఆమె కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతుంది.

ఆమెకు ఘాట్ రోడ్డు పందేల పిచ్చి. మూడేళ్లుగా పెద్ద బళ్లతో పోటీపడి ఆఖరున వస్తున్నాం. ఈసారి ఆరు వందల కిలోలు దాటని బళ్లకు వేరే పందెం పెట్టారు. శనివారంలోగా తూకం చీటీ ఇవ్వాలి.

మెకానిక్కు మస్తాన్ వలి నన్ను విప్పసాగాడు. వెనక సీటు, తలుపుల లోపలి అట్టలు, స్టెపినీ అన్నీ పోయాయి. నేలమీది తారు పూతను ఉలితో పెచ్చులుగా లేపాడు. ఏడవాలి కాబోలనుకున్నాను. కితకితలు పెట్టినట్టయింది.

"ఎడం సీటూ, ఆ రెండో బ్రేకూ కూడా పీకేద్దాం మేడంగారూ."

"వాటి జోలికి పోకు. మా వదిన కూర్చోవాలి."

వదిన హైమవతి ప్రతిసారీ పక్కన ఉండాల్సిందే. మలుపులో ఇందుమతి తన బ్రేకు తొక్కిన క్షణానే ఆవిడా తనది తొక్కేది. నేను నెమ్మదించేదాన్ని. "నేను తొక్కబట్టి బతికి బట్టకట్టావు," అనేది ఆవిడ.

లారీల కాటాకు చిన్న తేడాలు అందవని శుక్రవారం నన్ను మిర్చి యార్డుకు తీసుకెళ్లారు. బస్తాలు తూచే కాటాలు నాలుగు పరిచి, హమాలీలు తుమ్ముకుంటూ నన్నెత్తి చక్రానికొకటి చొప్పున వాటిమీద పెట్టారు. గుమస్తా కూడి చెప్పాడు: ఐదు వందల తొంభై ఎనిమిది. హైమవతి అందరికీ సోడాలు తెప్పించింది.

మస్తాన్ చీటీ చూసి ఆగిపోయాడు. "ఏందన్నా, ప్రతి అంకెలో రెండు కొట్టేశావు?"

"తరుగు. గోతానికి రెండు కిలోలు. అలవాటైపోయింది."

"కారుకు గోతామేంది?"

"తియ్యకపోతే సేటు ఊరుకోడుగా."

అంటే ఆరు వందల ఆరు. నాలో విప్పడానికింకేమీ మిగల్లేదు, ఆ ఎడమ పక్క తప్ప. ఇందుమతి అటే చాలాసేపు చూసింది. మనుషులు భయాన్ని కూడా మర్యాదగా సీటు వేసి కూర్చోబెడతారు. తరవాత తనే పానా అందుకుని సీటు ఊడదీసింది. మస్తాన్ పెడలు పట్టుకున్నాడు. లాగకుండానే చేతికొచ్చింది.

"ఇది దేనికీ తగిలి లేదు మేడంగారూ. లోపల రాడ్డు ఎప్పుడో ఊడింది."

ఆ సంగతి నాకు ఆరేళ్లుగా తెలుసు. చెప్పడానికి నోరేది?

హైమవతి సోడా దించింది. "మరి ఇన్నాళ్లూ నేను తొక్కిందేంటే?"

"నేలని, వదినా."

ముందు ఇందుమతే నవ్వింది. ఆ నవ్వు వదినకూ, హమాలీలకూ పాకింది. ఈసారి తరుగు తీయకుండా తూచారు: ఐదు వందల తొంభై.

ఆదివారం పందెంలో ఆమె ఒక్కతే నన్ను కొండెక్కించింది. మొదటి మలుపులో ఎడమకు చూసింది. అక్కడ ఉత్త రేకు. ఎప్పటికన్నా ఆలస్యంగా బ్రేకు తొక్కింది. నేను అంచు వెంట తేలిపోయాను. ఆమె కేక పెట్టింది. భయమనుకున్నాను. రెండో మలుపులో ఇంకా ఆలస్యంగా తొక్కి, మళ్లీ అదే కేక పెట్టింది.