మోటారు మీది మైనపు బిళ్ల

నాకు అక్షరాలు పట్టుబడి మూడేళ్లే. ఒత్తులు తప్పినచోట, రాత నత్తనడక నడిచినచోట చదివేవారు ఓర్చుకోవాలి.

బుచ్చిరాములు మూడో సాంచాకు, అంటే మరమగ్గానికి, నూలు కండె మార్చి, తెగిన పోగు ముడివేసి, మళ్లీ మోటారు వైపు చూశాడు. సిరిసిల్లలోని ఆ రేకుల షెడ్డులో ముప్పై ఏళ్లుగా ఎనిమిది సాంచాల మధ్య అటూ ఇటూ నడిచిన మనిషి. నడుము వంగింది, చెవులు సగం పోయాయి, కనురెప్పల మీద ఎప్పుడూ దూది నూగే. మోటారు మీద చిన్న ప్లాస్టిక్ కవరు, అందులో తెల్లటి మైనపు బిళ్ల. బిళ్ల మధ్యలో మెంతిగింజంత మచ్చ. అది అతని పేగులోంచి తీసి మైనంలో పెట్టిన పాలిప్ అనే బుడిపె ముక్క.

"గా మోటర్ మీద ఏం ఏంచుతున్నవే మామా, పల్లికాయలా?" పక్క సాంచాల దగ్గరి ఎల్లేశం అరిచాడు.

"నీ పని నువ్వు సూస్కోరా."

కరీంనగర్ డాక్టరు నెమ్మదిగానే చెప్పాడు. పాలిప్ తీసేశాం, అందులో క్యాన్సర్ లేదు. కానీ మీ నాయనా, అన్నా నలభై దాటగానే పేగు క్యాన్సర్‌తోనే పోయారు కాబట్టి ఈ బిళ్లను ల్యాబులో ఇవ్వండి. ముక్కలో కొన్ని ప్రోటీన్లు ఉన్నాయో లేవో చూస్తారు. ఆ ప్రోటీన్లు లేకపోతే ఇది వంశంలో దిగే జబ్బు కావచ్చు, మీ అమ్మాయికీ పరీక్షలు చేయాలి.

అమ్మాయికీ అన్న మాట దగ్గరే అతని చెవులు పూర్తిగా మూసుకుపోయాయి.

తొమ్మిది రోజులు బిళ్ల జేబులోనే తిరిగింది. వేడి తగలనీయొద్దన్నారని గుర్తొచ్చి ఈ పొద్దున కావాలనే దాన్ని కాలే మోటారు మీద పెట్టాడు. కరిగిపోతే అడిగేందుకు ఏమీ మిగలదు. పది కండెలు మార్చేసరికి మనసు మారి, తీసి నోటితో ఊదాడు. మళ్లీ పెట్టాడు. ఇప్పటికి ఒక మూల మెత్తబడి వంగింది.

మధ్యాహ్నం కూతురు రేవతి అన్నం తెచ్చింది. ఇరవై మూడేళ్లది, బట్టలు కుట్టే కంపెనీలో పని. ఎండన పడి వచ్చి సీసాలో నీళ్లు గటగటా తాగుతూ మోటారును చూసి ఆగిపోయింది. కవరు అందుకుంది.

"బాపు, ఇది ల్యాబుల ఇచ్చిన అన్నవు గదా."

తెగిన పోగేదో ఉన్నట్టు అతను సాంచా మీద వెతికాడు.

"నాకోసమే గదా దాస్తున్నవు? డాక్టర్ కాయిదం నేను సదివిన."

"నీ పెద్దబాపును సూసినవు గదా బిడ్డా."

"సూసిన. ఆయన ముందుగాల సూపించుకోలే. ఇది కరిగితె నా కడుపుల రోగముంటె అది గుడ కరుగుతదా?"

గొంతు గట్టిగానే ఉంది. చున్నీ కొంగు తడిపి బిళ్లను చుట్టింది.

"నేను గుడ వస్త," అన్నాడు బుచ్చిరాములు.

"ఎనిమిది సాంచాలు ఎవలు సూస్తరు? రెండు గంటల బస్సున్నది, నేనే ఇచ్చొస్త. తిను బాపు."

అతను గడప దాకా వచ్చాడు. ఆమె వెనక్కి చూడకుండా సందు మలుపు తిరిగింది.

లోపల బల్ల మీద రేవతి మూత పెట్టడం మరచిన సీసా ఉంది. సాంచాల అదురుకు అందులో మిగిలిన సగం నీళ్లు వణుకుతూనే ఉన్నాయి.

— దుర్గవ్వ, అరవై ఒక్క ఏళ్లు, ఇప్పుడు ఉంటున్నది మంచిర్యాల