ఫాను ఆపకుండా

"చెప్పులేసుకోనివ్వండి," అని అడిగింది కత్తెరక్క. వేసుకోనివ్వలేదు. మా సమావేశం మధ్యలోంచి, ఆమె ఇంట్లోంచే, పోలీసులు ఆమెను రెక్క పట్టుకుని లాక్కెళ్ళారు. చెప్పులు గుమ్మం దగ్గరే మిగిలాయి.

బట్టల ఫ్యాక్టరీలో గుడ్డ కత్తిరించే పని ఆమెది. సమ్మె మొదలయ్యాక రోజుకో ఇంట్లో కలుసుకుంటున్నాం. ఏ ఇల్లన్నది ఆఖరి నిమిషంలో చెవిలో చెప్పుకునేవాళ్ళం. అయినా పోలీసులు ప్రతిసారీ తిన్నగా ఆ ఇంటికే వచ్చారు. పక్క తలుపు తట్టిందే లేదు. అంటే ఎవరో కబురు మోస్తున్నారు.

ఎవరన్నది కుళాయి దగ్గరే తేల్చేశారు. ఇస్త్రీ పెద్దమ్మ కోడలు. మా సందులో కుర్చీ ఉద్యోగం ఆ పిల్లదొక్కతిదే. కరెంటాఫీసులో స్మార్ట్ మీటర్ల లెక్కలు చూసే గదిలో పని.

"నీ కోడలికి ఏసీ గాలి తగిలింది పెద్దమ్మా, మన చెమట కంపు పడటం లేదు," అంది కాజాలు కుట్టే పిన్ని.

పెద్దమ్మ బిందె కింద పెట్టింది. "నా కోడల్ని అడగాలంటే నా ఇంటికి రండి. ఇక్కడ కాదు."

అందరం వెళ్ళాం. కోడలు అప్పుడే వచ్చినట్టుంది, భుజాన సంచి ఇంకా దించలేదు. పెద్దమ్మే అడిగింది.

"నువ్వేనా చెప్పింది?"

"నేను కాదత్తయ్యా. మీటరు."

పిన్ని నవ్వింది. "గోడకున్న డబ్బాకి నోరొచ్చిందా?"

"వచ్చింది పిన్నీ. ఏ ఇంట్లో ఎప్పుడెంత కరెంటు కాలిందో పావుగంటకోసారి మా గదికి చెబుతుంది. అది మీ ఇంటి గుట్టు. బిల్లుకి తప్ప బయటికి పోకూడదు. మా గదిలో అందరికీ ఒకటే పాస్‌వర్డు. ఎవరు తెరిచారో, ఎవరికి పంపారో ఆనవాలే మిగలదు. ఇవాళ మన సందు లెక్క ఇంటి నంబర్లతో సహా ఫ్యాక్టరీ యజమానికి పంపమని మా సారు నాకు చెప్పాడు. రోజూ పోతున్నదేగా, నీకేం అన్నాడు."

"లెక్కలో మీటింగెలా కనిపిస్తుందే?" అంది పెద్దమ్మ.

"మీటింగుకి వచ్చేముందు మీరంతా ఏం చేస్తారు?"

"ఏం చేస్తాం, లైటూ ఫానూ ఆపి తాళం వేసుకుని వస్తాం."

"అదే. సందంతా ఒక్కసారిగా ఆరిపోతుంది. ఒక్క ఇంట్లో మాత్రం అన్నీ తిరుగుతుంటాయి. వేలు పెట్టి చూపించినట్టే."

అందరం పెద్దమ్మ వైపు చూశాం. సమ్మె రోజుల్లో ఒక్క బల్బు ఊరికే వెలిగినా ఊరుకోనని ఇల్లిల్లూ తిరిగి చెప్పింది పెద్దమ్మే. ఫాను ఆపకుండా గుమ్మం దాటితే కొడుకునైనా వెనక్కి పిలిచే మనిషి. గోడకున్న మీటరు దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"అయితే కత్తెరక్కని పట్టించింది నేనన్నమాట."

"మీరు పొదుపు చేశారత్తయ్యా. ఆ లెక్కని పట్టుకెళ్ళి ఇచ్చింది వాళ్ళు. నేను పంపనని చెప్పొచ్చాను. ఇంకొకరు పంపుతారు."

"పంపనీ," అంది పెద్దమ్మ. "రేపట్నుంచి అన్నిళ్ళలోనూ అన్నీ తిరగనీ."

మర్నాడు సాయంత్రం అలాగే చేశాం. ఖాళీ ఇళ్ళలో లైట్లు వెలుగుతుంటే మా ప్రాణాలు గిలగిల్లాడాయి. పోలీసులు ఒక్కో తలుపూ కొట్టి, ఎవరూ పలక్కపోయేసరికి తిట్టుకుంటూ పోయారు. బయట తాళం వేయించుకున్న ఇంట్లో కూర్చుని, కొంగులు నోట కుక్కుకుని నవ్వుకున్నాం.

ఆ నవ్వు తెల్లారేసరికి పోయింది. కోడల్ని ఆఫీసు గేటు దగ్గరే అరెస్టు చేశారు. కంపెనీ రహస్యాలు బయటపెట్టిందట. మా ఇంటి గుట్టు యజమానికి చేరవేస్తే ఉద్యోగం, మాకు చెబితే దొంగతనం.

పిన్ని వచ్చి పెద్దమ్మ గుమ్మానికి ఆనుకుని నిలబడింది. "ఏసీ గాలన్నాను ఆ పిల్లని," అంది, కళ్ళు తుడుచుకుంటూ.

"తర్వాత ఏడవచ్చులే. చెప్పులేసుకో."

"ఎక్కడికి?"

"కరెంటాఫీసుకి. మన లెక్క ఎవరెవరి చేతికిచ్చారో మన మొహం మీద చెప్పమందాం. ఇద్దర్నీ వదిలేదాకా ఆ గేటు ముందు నుంచి లేచేది లేదు."

ఆ రోజు తెచ్చి దాచిన కత్తెరక్క చెప్పులు సంచిలో పెట్టుకుంది పెద్దమ్మ. గుమ్మం దాటబోతుంటే అలవాటుగా చెయ్యి స్విచ్చు మీదికి పోయింది. అక్కడే ఆగింది. మెల్లగా వెనక్కి తీసుకుంది.

సందు మలుపు దాకా ఒక్కో తలుపులోంచీ ఒక్కొక్కరే వచ్చి కలిశారు. వెనక అన్ని ఇళ్ళలోనూ ఫాన్ల చప్పుడు. మేమంతా ఇళ్ళలోనే ఉన్నామని మీటర్లు ఆఫీసుకి చెబుతున్నాయి. మేం గేటు దగ్గరికి వచ్చేశాం.