ఇంటి మధ్య రోడ్డు

పరీక్షలైపోయాయి. ముందేం చదవాలో తేలక ఆ పిల్ల ఇంట్లో అందరి బుర్రా తినేస్తుంటే, వాళ్ళమ్మే "నగర ప్రణాళికాఫీసుకి పోయి నాలుగు రోజులు చూసిరా. నచ్చితే ఆ చదువే చదువుదువుగాని" అని తరిమింది.

అక్కడ చూడ్డానికి పెద్దగా ఏమీ లేదు. గదంతా ఆక్రమించిన ఓ బల్ల, దాని మీద ఊరి పటం. పటం మీద ఏ తడి గీత పడినా, ఆరేలోగా ఊళ్ళో అది వచ్చి కూర్చుంటుంది. అందుకే టీ గ్లాసులు కిటికీ గట్టు మీదే పెట్టాలి. బజారు మధ్యలో ఎందుకూ కొరగాని ఆ గుండ్రటి రోడ్డు, ఎవరో మతిమరుపు గుమాస్తా పెట్టిన గ్లాసు పుణ్యమే.

నాలుగో రోజు పెద్దమేడమ్ కొత్త రోడ్డుని పెన్సిల్‌తో వేసి, దాని మీద సిరా దిద్దమంది. ఆ రోడ్డు ఒకచోట వంకర తిరిగింది. పిల్లకి ఆ వంకర చూస్తే ఒళ్ళు మండింది. స్కేలు పెట్టి తిన్నగా లాగేసి, తన పనితనానికి తనే మురిసిపోయింది.

సాయంత్రం ఇంటికొచ్చి గుమ్మంలోనే కొయ్యబారిపోయింది. వంటింటికీ నాయనమ్మ గదికీ మధ్య నుంచి బస్సు వెళ్తోంది.

"రోడ్డు పడింది, చూసుకుని నడువు" అంది అమ్మ, కూర కలుపుతూ. "మీ నాయనమ్మ ఆ మోకాళ్ళతో ఇటు దాటలేదు. ఇకనుంచి కంచం అటే పట్టుకెళ్ళాలి. ఇంత తిన్నగా ఏ తలమాసినవాడు గీశాడో!"

పిల్ల వెనక్కి తిరిగింది. నేనేనని చెప్పకుండానే, పడుతూ లేస్తూ ఆఫీసుకి పరిగెత్తింది.

"చెరిపేయండి మేడమ్, మా నాయనమ్మ అటువైపు ఉండిపోయింది!"

"సిరా ఆరిపోయిందమ్మా. నువ్వు గీసింది నువ్వే వంచాలి, ఇంకొకరి చేతికి లొంగదు."

"అయితే ఇప్పుడే వంచేస్తాను!"

"గీయడం ఎవరైనా గీస్తారు. వంచడానికే ఈ చదువంతా. ఐదేళ్ళు పడుతుంది."

చీకటిపడే వేళకి పిల్ల మళ్ళీ వంటింటి అంచున నిలబడి, బస్సుల రొదని మించి అరిచింది.

"నాయనమ్మా, గీసింది నేనే! ఆ చదువులోనే చేరతాను! ఐదేళ్ళలో ఈ రోడ్డుని నేనే పక్కకి తిప్పేస్తాను!"

"ఐదేళ్ళే! అన్నాళ్ళు నేనుండొద్దూ?" అంది నాయనమ్మ నవ్వుతూనే.

ఇంతలో బస్సొకటి అడ్డొచ్చింది. అది దాటాక చూస్తే, నాయనమ్మ ఆయాసపడుతూ తన మంచాన్ని రోడ్డువైపు తిప్పుకుంటోంది, ఇటుపక్క మనవరాలు చదువుకునే బల్ల కనబడేలా.