రాచిలుక విలాపము

జ్యేష్ఠమాసపు మధ్యాహ్నమున మార్తాండుడు ప్రచండకిరణములచే మేదినిని వేపుడుమంగలముగా మార్చుచుండ కాకులు సైతము నోళ్లు తెఱచికొని చూరుక్రింద నొదిగియుండ వడగాలి వీధిదుమ్మును జనుల కన్నుల గొట్టుచుండ హేమపురసంస్థానమునందలి కావ్యరచనాపాఠశాలలో పదునొకండుగురు విద్యార్థులు చెమటలు కార్చుచు వసంతఋతువును వర్ణించుచుండిరి. మలయమారుతము వీచెనని వ్రాయువాడు తాటాకు విసనకఱ్ఱతో విసరికొనుచుండెను. కోకిల కూసెనని వ్రాయువాడు ఈగలను దోలికొనుచుండెను. వారిలో పదుగురు ఇరువదియేండ్లు నిండనివారు. పదునొకండవవాడు ఏబదినాలుగేండ్ల దేవాంగుడు, చౌడయ్య.

ముప్పదియేండ్లు మగ్గముగుంటలో కాళ్లాడించి మోకాళ్ల పట్టు దప్పుటచే నేతపనిని తమ్మునకు విడిచి యీ ముదిమియందు కలము పట్టిన యాతని జూచి తక్కినవారు చాటున నవ్వుకొనుచునే యుండిరి. ఆతడు లెక్కసేయలేదు. ఆతనికి గల కోరిక యొక్కటే. పదునాలుగేండ్ల క్రిందట విషజ్వరమున గతించిన తొమ్మిదేండ్ల కూతురు గవరమ్మ మొగము ఉతికి యుతికి వెలిసిన చీరరంగువలె ఆతని తలపున నానాటికి చెదరిపోవుచుండెను. అది బొత్తిగా మాసిపోవకమునుపే అక్షరములలో కట్టి దాచుకొనవలెనని యాతడు వచ్చి చేరెను.

గురువగు పేరిశాస్త్రి సంస్థానవిద్వచ్ఛిఖామణి, అనవరతతాంబూలచర్వణారుణితాధరుడు, ఆయన నోటి తుంపర లెఱ్ఱచుక్కలై పడని శిష్యుని కాగితము పాఠశాలలో లేదు. చౌడయ్య తొలుత వ్రాసి తెచ్చిన నాలుగు పంక్తులలో గవరమ్మ ముక్కు చీదుకొనుచు, తల దువ్వవచ్చిన తల్లి చేయి నెత్తురు వచ్చునట్లు కొఱికి పాఱిపోవుచుండెను. శాస్త్రి యది చదివి మొగము చిట్లించెను.

“ఛీ! చీమిడియు పంటిగాటును కావ్యమున కెక్కునా? కన్యక యన్నచో చంద్రవదన కావలయును, శుకవాణి కావలయును. కొట్టివేసి దిద్దుము.”

చౌడయ్య భక్తితో కొట్టివేసెను. మూడుమాసములు కష్టపడి గవరమ్మను చంద్రవదనను జేసెను, శుకవాణిని జేసెను, అమృతాస్వాదలోలుపలగు దేవతలు తమ యుద్యానమునకు గొనిపోయిన సుకుమారిని జేసెను. ఒక్కటి మాత్రము ఆతనిచేత మార్ప శక్యము కాలేదు. జ్వరము తగిలిన యుదయమున ఆ పిల్ల నూలు చుట్టుచు చుట్టుచు మధ్యలో విడిచిపోయిన కండె నాటికిని చూరున నుండెను. ఆ సగము చుట్టిన కండెను విలాపము చివర నట్లే యుంచెను. ముగించిన దినమున భార్య పైడమ్మను కూర్చుండబెట్టి యెలుగెత్తి చదివెను. ఆమె తుదివఱకును వినెను.

“బాగానే ఉంది మావా. మరి మన గుంట, మన గవరమ్మ, ఏది ఇందులో? ఆ కండె కాడ ఒక్కసారి కనిపించినాది, అంతే.”

“కావ్యం సంగతి నీకేటి తెలుసు?” అని చౌడయ్య విసుగుకొనెను.

శిష్యుడు ముగించిన మొదటి రచనను ఒక్క ప్రతిగా వ్రాసి నాలుగుమూలల పసుపు పూసి గురుపాదములకడ నుంచుట ఆ పాఠశాలాచారము. అది మొదలు ఆ రచన గురువుదే. ఆ పదుగురు గడుగ్గాయలును ఎందుకును కొఱగాని చిత్తులకు పసుపు పూసి యిచ్చి మంచివానిని పెట్టెలలో దాచికొనిరి. చౌడయ్య పెరిగిన యింటి యాచారము వేఱు. మగ్గము దిగిన తొలి వస్త్రము కులదేవతయగు చౌడేశ్వరీదేవిదని, అందు పోగొక్కటియు తెగరాదని, ఇచ్చిన పిమ్మట దానిపై నాశ పెట్టుకొనరాదని యాతని తండ్రి నేర్పెను. కావున ఆతడు తనకున్న ఏకైకరచనను, తన బిడ్డను, మాఱుప్రతియైన నుంచుకొనక సమర్పించి వచ్చెను.

పక్షము తిరుగకమునుపే రాజావారి పెంపుడుచిలుకను పిల్లి నోట కఱచుకొని పోయెను. ఆ సాయంకాలము కొలువుకూటమున సంతాపసభ జరిగెను. పన్నీరుచల్లిన తివాచీలమీద ఉద్యోగులు పొట్టలు సవరించుకొని కూర్చుండిరి. పిల్లి మిగిల్చిన నాలుగు పచ్చని యీకలు వెండిపళ్లెమున నుండెను. పేరిశాస్త్రి శాలువ దిద్దుకొని గద్గదస్వరమున శుకవిలాపము చదువ నారంభించెను. మొదటి వాక్యమునకే, శిష్యులతో వెనుక కూర్చున్న చౌడయ్య యది తనదేయని గుర్తించెను. రెండవదానికి చెవులు మూసికొన బోయెను. చంద్రవదన చిలుక. శుకవాణి చిలుక. చిలుకకు చంద్రవదన మెట్లు పొసగునని యడుగువా డాసభలో లేడు. “ఆహా” యనువారును జరీయంచులతో కన్నులొత్తుకొనువారును మాత్రముండిరి. చివర శాస్త్రి స్వరము దించి, పంజరమున మిగిలిపోయిన సగము కొఱికిన జామపండును వర్ణించెను. రాజావారు వెక్కివెక్కి యేడ్చిరి.

సభ ముగియగానే చౌడయ్య మండపము మెట్లకడ గురువు కడ్డము నిలిచెను.

“బాబూ, అది నా గుంట సావు కదా! పిట్టకెలా ఇచ్చీసినారు?”

శాస్త్రి నవ్వెను. “ఓయి వెఱ్ఱివాడా! సమర్పించిన పిదప నది నాది. సంతోషింపుము. ఇన్నేండ్ల నా గురుత్వమున నీ రచనవలె నిర్దుష్టమైనది చూడలేదు. కండెను దీసి జామపండు పెట్టితిని. తక్కిన దంతయు మార్పక్కఱలేకయే చిలుకకు సరిపోయినది.”

చౌడయ్య వెనుదిరిగి మెట్లు దిగెను. ఆ తాంబూలపునోరు రోత. ఆ పన్నీటివాసన రోత. ఈకలకు పొర్లిన యా కన్నీరు రోత. ఇల్లు చేరునప్పటికి ఆ రోత యంతయు తనమీదికే తిరిగెను. చంద్రవదన యని తానే వ్రాసెను. శుకవాణి యని తానే వ్రాసెను. ఎవని మెప్పుకొఱకో తన బిడ్డను మొదట చిలుకను జేసినవాడు తానే.

మఱునా డుదయమున మగ్గపుసాలలో కూర్చుండి జ్ఞాపకమునుండి విలాపమును తిరిగి వ్రాయబూనెను. వాక్యములన్నియు అప్పగించిన పాఠమువలె వచ్చెను. చివరకు వచ్చునప్పటికి ఆతని చేయి ‘సగము కొఱికిన జామపండు’ అని వ్రాసెను. చౌడయ్య యది చూచి దిగ్గున లేచెను. తలయెత్తినచో చూరున కండె యున్నది; కన్నులు మూసినచో జామపండే కనబడుచున్నది. ఆతడు పెరటిలోనికి పోయి వాంతి చేసికొనెను.

పైడమ్మ నీళ్లచెంబుతో వచ్చెను. ఆతడు నోరు కడుగుకొని ఆ కాగితము చించి పాఱవైచెను.

“పైడీ, గుంట నిన్ను కరిసినాది ఏ సేతిమీద?”

ఆమె ఎడమచేయి చాచెను. మణికట్టు పైని చంద్రవంకవలె వంగిన పాతమచ్చ, మధ్యలో చిన్న ఖాళీ.

“ఇదుగో. అప్పుడికి దాని ముందరి పన్ను ఊడిపోయినాది కదా. అక్కడ గాటు నేదు.”

ఆ చేతిని ఆతడు చాలసేపు పట్టుకొనియే యుండెను. పిదప లోనికి పోయి, క్రొత్త కాగితము దీసి, అలంకారమేమియు లేక వ్రాసెను: గవరమ్మ తల్లిచేయి కొఱికినది. ముందరి పన్ను లేనిచోట గాటు పడలేదు.

ఆ కాగితమునకు ఆతడు పసుపు పూయలేదు. మఱల పాఠశాల మెట్లెక్కలేదు. ఆ విలాపమును శాస్త్రి అటుపిమ్మట దివాణపు లేడిపిల్లకును, జమీందారిణి నెమలికిని చదివెనని వినికిడి. ఈ రెండు వాక్యములును చౌడయ్య యింటనే యుండిపోయినవి. చిలుకలకు దంతములు లేవు.