పదకొండుసార్లు తెరిచిన ఫైలు

ఈ కుర్చీ కిర్రుమంటోందేమిటి, కదలకూడదు, కదిలితే భయపడ్డాననుకుంటుంది ఈవిడ, సమాచార రక్షణ మండలి నుంచి వచ్చిన విచారణాధికారి, నా కూతురి వయసుంటుంది, కళ్ళద్దాలు తుడుచుకుంటూ పదకొండుసార్లండీ అంటోంది, మీ తోడికోడలి ఫైలు మీ పాస్‌వర్డుతోనే పదకొండుసార్లు తెరుచుకుంది, ఆమె వైద్యంతో మీకేమైనా పనుందా, నాకేం పని, ఆస్పత్రిలో రికార్డుల గుమస్తాని, మనవాళ్ళు కదా ఎలా ఉందో చూద్దామనీ అని నసిగాను, చట్టంలో మనవాళ్ళు అన్న మాట లేదండీ అంది, మెత్తగానే అంది, అయినా చుర్రుమంది.

పాప పుట్టాక ఆ అమ్మాయికి నిద్ర పట్టేది కాదు, ఏడుపాగేది కాదు, అక్కా, నువ్వున్నావన్న ధైర్యంతోనే మీ ఆస్పత్రికి వస్తున్నా, ఇంట్లో తెలియనివ్వకు అంది, నీకెందుకమ్మా నేనున్నాగా అన్నాను, ఆ సాయంత్రమే ఫైలు తెరిచాను, పాపను వదిలేసి ఎటైనా వెళ్ళిపోవాలనిపిస్తోందట, డాక్టరు రాసుకున్నాడు, నా నోట్లో నువ్వుగింజ నానదని అమ్మ ఊరికే అనేదా, అన్నం వడ్డిస్తూ మా ఆయన చెవిన వేశాను, ఆయన తమ్ముడి చెవిన వేశాడు, ఆ అమ్మాయికీ మరిదికీ విడాకుల కేసు నడుస్తోంది కదా, అతను పరుగున వెళ్ళి లాయరుకి చెప్పాడు, కేసు తేలేదాకా పాప తండ్రి దగ్గరే ఉండాలన్నాడు జడ్జి, కోర్టు వరండాలో ఆ అమ్మాయి ఏడవలేదు, అరవలేదు, పాల సీసా నా చేతిలో పెట్టి, ఆ మాట డాక్టరుకి తప్ప ఎవరికీ చెప్పలేదక్కా అంది, అంతే, మర్నాడే మండలికి ఫిర్యాదు చేసింది.

చూడమని ఎవరైనా అడిగారా, మీ ఆయనో, మీ మరిదో, అంటోంది ఈవిడ, కలం పట్టుకుని ఆగింది, మరిది పేరు చెబితే ఉద్యోగం దక్కుతుందేమో, నాలుక చివరిదాకా వచ్చింది, ఈలోగా తేదీల కాగితం నా ముందుకి జరిపింది, మొదటిది సరే, బెంగతో చూశాననుకుందాం, మరి మిగతా పదీ, ఎవరూ అడగలేదండీ, నేనే చూశాను అన్నాను, కాగితంలో ఎనిమిదో వరసలో ఉన్న తేదీ మీద చూపు ఆగిపోయింది, జడ్జి తీర్పుకి ముందుదే, ఆ రోజు డాక్టరు రాసింది బాగా గుర్తు, పూర్తిగా కోలుకుంది, పాపను నిశ్చింతగా చూసుకోగలదు, చదివాను, ఫైలు మూశాను, ఇంటికెళ్ళి అన్నం వడ్డించాను, ఆ ఒక్క మాట మాత్రం ఎవరికీ చెప్పలేదు, చెప్పాలనే అనిపించలేదు, అందులో నాకు రుచేమీ దొరకలేదు.